నేను వీధి వైపు పెట్టించిన తలుపులు

మా శాఖ పేరు

నేను ముప్పై ఏళ్లకు పైగా గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా పనిచేశాను. శాఖ పేరులో నీళ్ల పక్కనే పారిశుధ్యం అనే మాట కూడా ఉంటుంది. ఆ మాట ఎవరూ నోట పలకరు. మా నాన్న కూడా పలకలేదు. ఆయన సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికిన మనిషి, అబద్ధాలాడే అలవాటు లేదు. అయినా నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు "పిల్ల ఏం కొలువు చేస్తది?" అని అడిగితే "నీళ్ల ఆఫీసుల" అని ఊరుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. లోపలి నుంచే "లెట్రిన్లు గూడ కట్టిస్త" అని గట్టిగా చెప్పాను. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత వచ్చినాయన ఆ కథ విని పడీపడీ నవ్వాడు. ఆయన్నే చేసుకున్నాను.

ఈ కొలువులోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఎస్టిమేటు ఎట్లా వేయాలి, కొలతల పుస్తకం ఎట్లా రాయాలి అని అడుగుతారు. అవన్నీ మీ సీనియర్లు నేర్పుతారు. నేర్పకపోయినా ఆర్నెల్లలో వాటంతట అవే వస్తాయి. నేను చెప్పేది ఒక్కటే. మనం కట్టిన గదిలోకి ఒక ఆడమనిషి పట్టపగలు, సిగ్గుపడకుండా, భయపడకుండా వెళ్లి రాగలగాలి. వెళ్లలేకపోతే మనకు ఇచ్చిన జీతం దండగ. ఇంత చిన్న ముక్క నా తలకెక్కడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఎక్కించింది బీడీలు చేసే ఒక అత్త, కడుపుతో ఉన్న ఆమె కోడలు.

కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లల్లో నన్ను "లెట్రిన్ మేడం" అనేవాళ్లు. మొదట్లో చాటుగా అనేవాళ్లు. తర్వాత నేనే ఫోనెత్తి "ఆ, లెట్రిన్ మేడాన్నే, చెప్పుండ్రి" అనడం మొదలుపెట్టాను. దాంతో వెనక నవ్వేవాళ్లకు పని లేకుండా పోయింది.

గుంతలో మట్టి

మొదట మంచి పై అధికారి గురించి చెప్పాలి. లేకపోతే అందరినీ తిట్టడానికే రాశానంటారు.

కొలువులో చేరిన కొత్తలో సిరిసిల్ల వైపు పనిచేశాను. అక్కడి మా పెద్దసారు మహా కోపిష్టి. ఒకరోజు నన్ను రుద్రంగి దగ్గర ఒక ఇంటికి తీసుకుపోయాడు. మనం కట్టే దొడ్డికి రెండు గుంతలుంటాయి. ఒకటి నిండాక దాని దారికి ఇటుక అడ్డం పెట్టి రెండోదానికి మళ్లించాలి. నిండిన గుంతను రెండేళ్లు మూసి ఉంచితే లోపలిదంతా మట్టి అయిపోతుంది. ఆ ఇంట్లో అట్లా రెండేళ్లు మూసి ఉంచిన గుంత మూత తీయించి, ఒక పిడికెడు తీసి నా ముందు పెట్టాడు.

"వాసన చూడు."

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"నీకు రోత అయితే గీ కొలువు ఇడిశిపెట్టు బిడ్డా. ఇంకొకలకన్న దొరుకుతది."

పౌరుషం పొడుచుకొచ్చింది. చెయ్యి చాపి తీసుకున్నాను. పొడి మట్టి. వాన పడ్డాక పెరట్లో వచ్చే వాసన తప్ప ఇంకేమీ లేదు.

"రెండు గుంతలు ఎందుకు పెట్టినం?" అని అడిగాడు. నేను పాఠ్యపుస్తకంలోది ఒప్పజెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదు. ఇంకొక మనిషిని ఈ గుంతల దించకుండ ఉండెటందుకు. గది యాది పెట్టుకో, మిగితాయి మరిచిపోయినా సరే."

ఎవరిని దించేవాళ్లో, ఏ కులం వాళ్లను దించేవాళ్లో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. అప్పటి నుంచి రెండు గుంతలకూ ఒకేసారి పైపు కలిపి బిల్లు లాగేసుకునే కాంట్రాక్టరు కనపడితే నేను ఊరుకోలేదు. గొంతు పోయేదాకా తిట్టేదాన్ని. మీరూ తిట్టండి, మర్యాద గురించి బెంగపడకండి.

తలుపు ఎటు పెట్టాలి

ఇక నా తప్పు సంగతి.

తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉన్న రోజులు. నేను కోరుట్లలో ఉండేదాన్ని. ఇబ్రహీంపట్నం మండలంలో ఒక ఊరికి ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టించే పని నాకు ఇచ్చారు. ఆ ఊరి పేరు రాయను, వాళ్లు ఇప్పటికీ నన్ను పెళ్లిళ్లకు పిలుస్తారు. వరి, పసుపు పండే ఊరు. మగవాళ్లలో చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. ఆడవాళ్లు పొద్దుగూకేదాకా ఇంటి ముందు అరుగుల మీద, ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చేస్తారు.

మేస్త్రి ఖాజా మియాది కోరుట్లే. ఇంట్లో ఉర్దూ, పనిలో తెలుగు. నాకంటే పదేళ్లు పెద్ద, చేతిలో తాపీ ఉంటే ఎవరికీ భయపడడు. మొదటి గదికి ముగ్గు పోసిన రోజే ఆయన చెప్పాడు.

"మేడం, దర్వాజ బజారు దిక్కు పెడ్తే ఆడోళ్లు పోరు."

"ఎందుకు పోరు?"

"ఎదురుంగ అరుగుల మీద అందరు కూసుంటరు గద. మా ఇండ్లల్ల పరదా ఉంటది, సండాసు లోపట్నే కడ్తం. వీళ్లకు పరదా లేదు గని సిగ్గు షరం ఉండదా?"

"బిల్లుకు పెట్టే ఫొటోల ఇల్లు, మనిషి, దర్వాజ మూడు పడాలె ఖాజా భాయ్. లోపట పెడ్తే ఫొటో తీసెటందుకు జాగ లేదు. చెప్పినట్టు కట్టు."

"సరే, ఇంజనీరు మీరు," అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉంది. నేను వినిపించుకోలేదు.

ఫొటో అనేది సాకు. అసలు సంగతి, తలుపులన్నీ వీధి వైపు ఉంటే నేను జీపు దిగకుండా ఈ చివర నుంచి ఆ చివరికి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. నాకు ఆ ఊరితో పాటు ఇంకా చాలా ఊళ్లున్నాయి. ఎండ, దుమ్ము, నడుము నొప్పి. అందుకని ఊరు ఊరంతా నా జీపుకు అనుకూలంగా కట్టించాను. మామ, బావలు, ఎదురింటి పెద్దమనుషులు చూస్తుండగా చెంబు పట్టుకొని నడవడం కోడలికి ఎంత తలవంపో నాకు తెలియదా? నేను పుట్టిన వాడలో మా అమ్మ, చిన్నమ్మలు చీకటి పడేదాకా ఆగి, గుంపుగా మానేరు ఒడ్డుకు పోయేవాళ్లు. అన్నీ తెలిసి, డ్రాయింగ్ ముందు కూర్చోగానే మరిచిపోయాను. దీనికి నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కొన్ని నెలల తర్వాత పోయి చూస్తే ప్రతి తలుపుకూ తాళం. మెరిసే కొత్త తాళాలు. నేను మురిసిపోయాను. తాళం వేసుకున్నారంటే ఎంత భద్రంగా చూసుకుంటున్నారో అనుకున్నాను. జీపులోంచే లెక్కపెట్టుకొని, ఈ ఊళ్లో ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది, అందరూ వాడుతున్నారు, ఆరుబయటికి ఎవరూ పోవడం లేదు అని ధ్రువపత్రం రాసి సంతకం పెట్టాను. ఊరిని పరిశుభ్ర గ్రామం అవార్డుకు పంపారు.

తాళంచెవి

ఆ తర్వాత ఏదో కాగితం పని మీద మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. ఫీల్డుకు పోయే రోజున నేను పొద్దున ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంటికి చేరేదాకా మళ్లీ ముట్టేదాన్ని కాదు. మా మగ ఇంజనీర్లు జీపు ఆపి చెట్టు చాటుకు పోయి వచ్చేవాళ్లు. నాకు ఆ వెసులుబాటు లేదు. పైగా నేను ఊరూరా దొడ్లు కట్టించే మనిషిని! ఆ రోజు మాత్రం ఆపుకోవడం నా వల్ల కాలేదు. దగ్గరున్న ఇంటికి పోయాను. అరుగు మీద ఆరుగురు ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. ఇంటామె రాజవ్వకు అరవై దగ్గర ఉంటాయి.

"అక్కా, జర మీ లెట్రిన్ తాళంచెవి ఇయ్యి," అన్నాను.

"ఎందుకు మేడం?"

"ఎందుకేందక్కా, పోవాలె."

"మా దాంట్లకా?" ఆమె పక్కవాళ్ల మొహాలు చూసింది. ఆరుగురి చేతులూ ఆగిపోయాయి. ఎవరూ నావైపు చూడరు. చివరికి రాజవ్వ నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి తలుపు తెరిచింది.

లోపల నా ఛాతీ ఎత్తు వరకు తునికాకు కట్టలు, తడి గోనెసంచుల్లో చుట్టి పేర్చి ఉన్నాయి. బీడీ ఆకు ఎండితే చుట్టేటప్పుడు పగులుతుంది, అందుకని తడి ఆరకుండా చల్లటి చోట దాచుకోవాలి.

"సిమెంటు గది సల్లగుంటది మేడం. ఆకు అస్సలు ఎండుతలేదు. మా అత్త కాలంల గిసొంటి గది ఎవలకుండె? మంచిగ కట్టిచ్చిండ్రు," అని రాజవ్వ నాకు దండం పెట్టింది. ఆమె మనస్ఫూర్తిగానే పెట్టింది. చెంప మీద కొట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ఆమె కోడలు రజిత నన్ను ఇంటి వెనుక బర్రెల కొట్టం దగ్గరికి తీసుకుపోయి, దుప్పటి అడ్డం పట్టింది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. ఈ పిల్లకు ఏడో నెల. నేను లేచి ఆమె చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. పెదవులు పగిలిపోయి ఉన్నాయి.

"జెరమా?"

"ఊ. మూత్రం పోస్తే మంట."

"నీళ్లు తాగుతలేవా?"

"తాగితే పోవాలె గద మేడం. పొద్దుగూకెదాక ఎట్ల పోత?"

"డాక్టరు దగ్గరికి పోయినవా?"

"పోయిన. మస్తు నీళ్లు తాగుమన్నది. మందులేసుకున్నప్పుడు తగ్గుతది, మల్ల అస్తది." చెంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ముందటిది గూడ గిట్లనే మేడం. ఏడో నెలల్నే పోయింది. నీళ్లు తాగకపోతె ఇది గూడ దక్కదన్నది."

ఆ రోజు నేను జీపు ఎక్కలేదు. ఇల్లిల్లూ తిరిగి తాళాలు తీయించాను. తునికాకు, పసుపు బస్తాలు, పిడకలు, ఒకచోట కోళ్లు. మనుషులు వాడుతున్నది ఒక్కటీ కనపడలేదు.

నా సంతకం

మరునాడు మా పై అధికారి, డీఈ సారు దగ్గరికి పోయాను. ధ్రువపత్రం రద్దు చేయండి, వీధి వైపు తలుపులు మూయించి ఇంటి వైపు పెట్టించడానికి అనుమతి ఇవ్వండి అని కాగితం ఇచ్చాను. ఆయన చదివి నవ్వాడు.

"దిమాక్ ఖరాబయిందా మేడం? అవార్డుకు పోయిన ఊరు. ఇప్పుడు వాడుతలేరని రాస్తవా?"

"నిజం గదే సార్."

"సంతకం నీది. మెమో గూడ నీకే అస్తది."

"రానియ్యుండ్రి."

"ఎందుకమ్మా లొల్లి? ఇన్‌స్పెక్షన్ దినం ఆకు తీయించు, కడిగించు, రెండు అగరొత్తులు పెట్టు. అయిపాయె."

ఆయన లంచం ముట్టని మనిషి. ఆ పేరు జిల్లాలో అందరికీ తెలుసు. కానీ శాలువా కోసం, పేపర్లో ఫొటో కోసం ఏమైనా చేసేవాడు. డబ్బు తినేవాడు కనీసం మీ కళ్లలోకి చూడ్డానికి తడబడతాడు. ఈ రకంవాళ్లు తడబడరు, తాము ఊరికి మేలు చేస్తున్నామనే నమ్ముతారు. నా అనుభవంలో వీళ్లతోనే ఎక్కువ చేటు జరిగింది. వీళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఇటు రాజవ్వ కూడా ఒప్పుకోలేదు. "ఆకు ఎండితే కంపెనోళ్లు బీడీలు తిరగ్గొడ్తరు. గప్పుడు మాకు బువ్వ మీరు పెడ్తరా మేడం?" అంది. రజిత ఇంకా గట్టిగా చెప్పింది. "ఆకు తీసినా సరే, గా దర్వాజల నుంచి అందరి ముందట నేను పోను. సచ్చినా పోను."

తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. ఎవరిని తిట్టాలో తెలిస్తే కదా! తలుపు పెట్టించింది నేనే. ఆ వారంలోనే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. నా కాగితం డీఈ బల్ల మీదే ఉండిపోయింది. సమ్మెలో నేనూ కూర్చున్నాను, తెలంగాణ కావాలని గొంతు చించుకొని అరిచాను. కానీ టెంటు కింద కూర్చున్నంతసేపూ ఆ పిల్లకు ఎన్నో నెల వచ్చిందో అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

రోడ్డు మీద వంట

ఆ రోజుల్లో వంటావార్పు అని చేసేవాళ్లు. జనం రోడ్డుకు అడ్డంగా కూర్చొని, అక్కడే పొయ్యిలు పెట్టి వండుకొని తిని, సాయంత్రం దాకా బండ్లు పోనిచ్చేవాళ్లు కాదు. ఒకరోజు కోరుట్ల నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద పెట్టారు. ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో ఆడవాళ్లను తెచ్చారు. రాజవ్వ కూడా వచ్చింది. బియ్యం కడిగింది, పెద్ద గంజులో కూర కలిపింది, పాటలకు చప్పట్లు కొట్టింది.

పొద్దంతా మైకులో మన నీళ్లు, మన నీళ్లు అని ఉపన్యాసాలు. మగవాళ్లు లేచి రోడ్డు పక్కకు తిరిగి నిలబడి, వచ్చి మళ్లీ కూర్చుంటున్నారు. ఆడవాళ్లు కాళ్లు దగ్గరికి ముడుచుకొని కదలకుండా ఉన్నారు. మధ్యాహ్నం దాటాక రాజవ్వ నా దగ్గరికి వచ్చింది. మొహం చెమటలు.

"మేడం, ఏడికి పోవాలె?"

నేను ఆ శాఖ ఇంజనీరును. నేనూ చుట్టూ వెతికాను. రెండు వైపులా కోసిన పొలాలు, కనుచూపు మేర జనం. ఆగిపోయిన లారీ వెనుక నలుగురం చీర చెంగులు అడ్డం పట్టాం. ఆమె కూర్చుందో లేదో పైన నవ్వు వినిపించింది. లారీ మీద జెండాలు పట్టుకొని కూర్చున్న ఇద్దరు యువకులు కిందికి చూస్తున్నారు. ఒకడి చేతిలో ఫోను. నేను రాయి అందుకునేసరికి దూకి పారిపోయారు.

రాజవ్వ లేచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. చీర సర్దుకొని, జనాన్ని తోసుకుంటూ నేరుగా స్టేజీ ఎక్కి, మాట్లాడుతున్న నాయకుడి చేతిలోంచి మైకు గుంజుకుంది.

"పొద్దటిసంది నీళ్లు గావాలె, నీళ్లు గావాలె అంటున్నరు. తాగినంక మేం ఏడికి పోవాలెనో గది గూడ చెప్పుండ్రి!"

కొందరు నవ్వారు. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు మొదలై నవ్వులు ఆగిపోయాయి. నాయకుడు మెల్లగా మైకు వెనక్కి తీసుకుంటూ, "అవ్వా, అవన్ని తెలంగాణ అచ్చినంక చూసుకుందం," అన్నాడు.

"గప్పటిదాక ఆపుకొనుండాన్నా?" అంది రాజవ్వ.

నేను ఎన్నో సభలు చూశాను. అంతకంటే పెద్ద ప్రశ్న ఏ మైకులోనూ వినలేదు. రాజవ్వ దిగి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, మా గోడ పలగ్గొట్టు. ఆకు ఏడ్నన్న పెట్టుకుంట. కోడలి పిల్ల నీళ్లు తాగాలె."

అరబస్తా సిమెంటు

మరునాడు పొద్దున్నే ఖాజా మియాను తీసుకొని బయల్దేరాను. టెంటు దగ్గర మా ఉద్యోగ సంఘం పెద్దమనిషి దారికి అడ్డం వచ్చాడు.

"సమ్మెల ఉండి డ్యూటీ చేస్తున్నరా మేడం? సంఘం పరువు తీస్తరా?"

"డ్యూటీ కాదు సార్. జీతం లేదు, ఆర్డరు లేదు. డ్యూటీల ఉన్నప్పుడు చేసిన తప్పు దిద్దుకుంటున్న."

"రేపు ఎవలన్న అడిగితే?"

"లెట్రిన్ మేడం గోడలు పలగ్గొడ్తాంది అని చెప్పుండ్రి."

సిమెంటు కొందామంటే సమ్మెకు దుకాణాలు మూసి ఉన్నాయి. ఖాజా మియా తన ఇంట్లో మిగిలిన అరబస్తా సైకిలు మీద పెట్టుకొచ్చాడు. గది చుట్టూ ఒకసారి తిరిగి, ఇంటి వైపు ఉన్న పక్క గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. ఆ గోడలోంచి తీసిన ఇటుకలతోనే వీధి వైపు సందు మూశాడు. తలుపు అదే, చట్రం అదే. లోపల ఒక మూలకు చిన్న నీళ్ల తొట్టి కట్టాడు. ఇక చెంబు చేతపట్టుకొని ఎవరి కంటా పడనక్కరలేదు. మిగిలిన ముక్కలతో వంటింటి గోడ నీడన మోకాలెత్తు తొట్టి ఒకటి కట్టి, "రాజవ్వా, గిది నీ ఆకుకు. తడి సంచి కప్పితే మస్తు సల్లగుంటది," అన్నాడు. ఆ తొట్టి సంగతి నాకు తట్టలేదు. ఆమె ఆకు బాధ పట్టించుకున్నది ఆయనొక్కడే.

"మీరు మొదటి దినమే చెప్పిండ్రు ఖాజా భాయ్," అన్నాను. "నేను ఇనలే. మాఫ్ చెయ్యి."

"మీకన్న ఎక్వ మాట్లాడితే నాకు ఇంకో పని దొరకదు మేడం. గందుకే ఊకున్న," అన్నాడు. అది నాకు బాగా తగిలింది. మేస్త్రులు మనకు ఎందుకు చెప్పరో ఆలోచించుకోండి.

సిమెంటు ఆరాక, మూడో రోజు మిట్టమధ్యాహ్నం రజిత లోపలికి పోయింది. వీధిలో అరుగుల మీద ఆడవాళ్లున్నారు, ఎదురింటి ముసలాయన చుట్ట కాలుస్తున్నాడు. ఎవరికీ ఏమీ కనపడలేదు. ఆ పిల్ల బయటికి వచ్చి, చేతులు కడుక్కొని, కుండలోంచి చెంబు ముంచుకొని గటగటా తాగింది. మళ్లీ ముంచింది. రాజవ్వ గోడకు ఆనుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది?

సాయంత్రానికి పక్కింటామె వచ్చింది. "మేడం, మాది గూడ తిప్పుండ్రి." ఆ తర్వాత ఎదురింటామె. ఎవరి ఇంట్లో ఉన్న సిమెంటు వాళ్లు తెచ్చారు, లేనివాళ్లు బంకమట్టితో కానిచ్చారు. సమ్మె ముగిసేసరికి ఊళ్లో సగానికి పైగా తలుపులు తిరిగాయి.

విచారణ

సమ్మె అయిపోయాక అవార్డు తనిఖీ బృందం వచ్చింది. డీఈ సారు నన్ను పక్కకు పిలిచి "నోరు మూసుకొని నిలబడు" అన్నాడు. బృందం పెద్ద నా ధ్రువపత్రం చేతిలో పట్టుకొని "ఈ సంతకం మీదేనా?" అని అడిగాడు.

"నాదే సార్. కానీ అందులో రాసింది అబద్ధం. నేను జీపు దిగకుండా రాశాను," అన్నాను. ఇంకా తిప్పని ఇళ్లకు తీసుకుపోయి తాళాలు తీయించి చూపించాను.

అవార్డు పోయింది. "ఊరి పరువు తీసినవు" అని డీఈ అందరి ముందూ అరిచాడు. రాజవ్వ ఊరుకుంటుందా? "మేం పొద్దటిసంది ఆపుకుంటె ఊరి పరువు ఉన్నట్టా సారు?" అంది. ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. వారం తిరగకుండా నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా ప్రభుత్వ సొమ్ముతో కట్టిన గోడలు పగలగొట్టానని అందులో నేరం.

మెమో చేతిలో ఉండగానే ఫోను మోగింది. రాజవ్వ. "మేడం, తొమ్మిది నెలలు నిండినయ్. బిడ్డ పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు." ఫోను పెట్టేశాక ఆ కాగితం మడిచి సంచిలో వేసుకొని, మిఠాయి కొనుక్కొని ఆస్పత్రికి పోయాను.

మూడు నెలల తర్వాత విచారణాధికారి వచ్చింది. ఆవిడ కూడా ఆడమనిషే. పొద్దున కరీంనగర్‌లో బయల్దేరి, రెండు ఊళ్లు చూసుకొని, మిట్టమధ్యాహ్నానికి రాజవ్వ ఇంటికి చేరింది. ఫైలు తెరవకముందే రాజవ్వ చెవిలో ఏదో అడిగింది. రాజవ్వ చేత్తో చూపించింది. "తాళం లేదు మేడం, పోండ్రి. నీళ్లు లోపట్నే ఉన్నయ్."

ఆవిడ తిరిగి వచ్చి, అరుగు మీద కూర్చొని ఫైలు తెరిచింది. పక్కనే రజిత ఒళ్లో బిడ్డ కాళ్లాడిస్తోంది.

"ఈ గోడ పగలగొట్టించింది మీరేనా?"

"నేనే."

"అనుమతి ఉందా?"

"లేదు."

"అది తప్పని తెలుసా?"

"తలుపు వీధి వైపు పెట్టించడం తప్పు మేడం. దానికి నాకు మెమో రాలేదు, మెచ్చుకున్నారు."

ఆవిడ నా జవాబు రాసుకుంది. "రూలు రూలే," అంది. "మళ్లీ ఇట్లా చేస్తారా?"

నేను నోరు తెరిచేలోపే ఖాజా మియా వచ్చి సైకిలు దిగాడు. క్యారియర్ మీద గడ్డపార కట్టి ఉంది. ఆవిడ ఎవరో ఆయనకు తెలియదు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ, "మేడం, ఇయ్యాల ఎవలింటిది?" అని అడిగాడు.

"ఆ చివరి ఇల్లు," అన్నాను.

ఆవిడ అది కూడా రాసుకుంది. నాకు శిక్ష పడింది, నా సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. దాన్ని కొట్టేయమని నేనెన్నడూ అర్జీ పెట్టుకోలేదు.